షాఫ్టు ఏ పద్దులోకి వెళుతుంది?

వదిన: నమస్కారం. గుంటూరు నుంచి నేను, విజయవాడ ఆటోనగర్ షెడ్డు నుంచి మా మరిది మాట్లాడుతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లోని యంత్రాల తయారీ రంగం ఏడాదికి ఎంత విలువను సృష్టిస్తుందో ఎలా లెక్కగడతారన్నది ఈ వారం విషయం. లోహం కరిగించి పోత పోసే ఫౌండ్రీ వారు 30,000 రూపాయలకు పోత ముక్కలు అమ్మారనుకుందాం. వర్క్‌షాపు వారు వాటికి మరో 25,000 రూపాయల సరుకు కలిపి 80,000కు రోటవేటర్ (పొలం దున్నే యంత్రం) అమ్మితే, అమ్మకాల మొత్తం 1,10,000 అవుతుంది, కానీ అందులో పోతల ధర రెండుసార్లు చేరింది. కొన్న సరుకులు, కరెంటు వంటి ఖర్చులు తీసివేయగా మిగిలే జోడించిన విలువనే లెక్కలోకి తీసుకోవాలి. వర్క్‌షాపు వంతు 25,000 మాత్రమే.

మరిది: అర్థమైంది వదినా! మరి మా షెడ్డులో ఉన్నది తొమ్మిది మందిమి. మమ్మల్ని ఎవరు లెక్కపెడతారు?

వదిన: ఫ్యాక్టరీల నుంచి ఏటా లెక్కలు సేకరించే వార్షిక పరిశ్రమల సర్వేకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పునాదిగా ఉండేది. కరెంటుతో పనిచేసే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది కార్మికులు ఉండాలన్నది అందులోని హద్దు; 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కోడ్ వచ్చింది. అంతకంటే చిన్నవాటికి అసంఘటిత రంగ సంస్థల సర్వే వేరే ఉంది. అది నమూనా సర్వే కాబట్టి మీ షెడ్డు తలుపు తట్టకపోయినా, మీలాంటి వారి విలువను అంచనా వేస్తుంది.

మరిది: అంచనా వేరు, లెక్క వేరు. నిన్న ఒక జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, వచ్చింది. బేరింగ్ కూర్చునే చోట గోటికి తగిలేంత గాడి పడింది. వెల్డింగుతో లోహం పోసి, లేత్ మీద సన్నసన్నగా చెక్కి, మైక్రోమీటరుతో పదేపదే కొలిచి సైజుకు తెచ్చాం. మరి ఇది యంత్రాల తయారీ కాదా?

వదిన: కాదు. యంత్రాల మరమ్మతు, పనుల రకాలకు అంకెలిచ్చే జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో 33వ విభాగం కిందికి వస్తుంది. యంత్రాల తయారీ 28వ విభాగం.

మరిది: మరి వారే ఇనుప కడ్డీ ఇచ్చి కొత్త షాఫ్టు తిప్పమంటే?

వదిన: కూలికి చేసే మెషినింగ్ 25వ విభాగంలోని లోహపు పనుల్లో చేరుతుంది.

మరిది: ఒకే లేత్, ఒకే మనిషి, ఒకే షాఫ్టు. ఉదయం 33, మధ్యాహ్నం 25! పంపుసెట్టు భాగాలైతే ఇంకా విడ్డూరం. మోటారు తయారీ విద్యుత్ పరికరాల 27లోకి, పంపు తయారీ 28లోకి వెళతాయి.

వదిన: నీ కోపం న్యాయమైనదే, కానీ ఆ గీతలు లేకపోతే రాష్ట్రాల మధ్య పోలికే కుదరదు. నేను అడిగేది ఇంకోటి. మీ కూలి 2,000 అయితే, అందులో వెల్డింగ్ కడ్డీలు, కరెంటు పోగా ఎంత మిగులుతుంది?

మరిది: చాలా వరకు మిగులుతుంది.

వదిన: చూశావా, బయటి నుంచి భాగాలు తెప్పించి బిగించే ఫ్యాక్టరీ అమ్మకం ఎంత పెద్దదైనా, జోడించిన విలువ చిన్నదే కావచ్చు. మీ పనిలో అది ఎక్కువ భాగం. నాకు ఈ కొలత అందుకే ఇష్టం, ఇది చేతిపనిని గౌరవిస్తుంది.

మరిది: నాన్నగారు మొదటి లేత్ కొన్న రోజు గుర్తొచ్చింది వదినా. ఆయన రోజూ చిట్టాలో సరుకు ఖర్చు ఒక పక్కన, కూలి ఒక పక్కన రాసేవారు.

వదిన: మామగారు రాసింది సరిగ్గా ఇదే. ఇక పాత అంకెలతో పోల్చేవారు ఒకటి గమనించాలి. 2014 జూన్ 2కు ముందరి ఉమ్మడి రాష్ట్రపు అంకెల్లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ వంటి హైదరాబాదు పరిసరాల ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. వాటిని విడదీయకుండా నేటి ఆంధ్రతో పోలిస్తే పడిపోయినట్టు కనిపిస్తుంది. ధరల పెరుగుదలను తీసివేయడం కూడా...

మరిది: అది సరే, తొమ్మిది మంది సంగతి మళ్ళీ అడుగుతాను. ఆ పాత హద్దు ఉన్నప్పుడు పదో మనిషిని పెట్టుకుని ఉంటే మేము ఫ్యాక్టరీ జాబితాలోకి వెళ్ళేవాళ్ళమా?

వదిన: రిజిస్టరు చేయించుకుని ఉంటే...

మరిది: వదినా, ఆగండి. గేటు దగ్గర మిల్లు వారు ఇంకో షాఫ్టు దింపుతున్నారు, అది ఎంత అరిగిందో ఇప్పుడే చూడాలి.