జబ్బు చేప మేత తినదు

వేదిక మీద ఉన్న పెద్దలకు, మత్స్యశాఖ అధికారులకు, పొద్దున్నే చెరువు పనులు చూసుకుని వచ్చిన రైతులందరికీ నమస్కారం. ఇవాళ జూలై 10. 1957లో ఇదే రోజున ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి గార్లు ఇంజెక్షన్ ఇచ్చి మన కార్ప్ చేపల చేత, అంటే శీలావతి లాంటి మంచినీటి చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే ఇది చేప రైతుల దినోత్సవం అయింది. ఆ పనే జరగకపోతే కొల్లేరు చుట్టూ ఇన్ని చెరువులకు చేప పిల్ల ఎక్కడ దొరికేది? పెద్దలు ఇదంతా ముందే చెప్పారు కాబట్టి నేను సాగదీయను.

బాక్టీరియా జబ్బులన్నీ వరసగా చెప్పమని నన్ను అడిగారు. చెబుతాను. కానీ ముందు ఒక మాట. జబ్బు చేసిన చేప మేత తినదు. మనమేమో మందును తవుడులో, నూనె తీసిన చెక్కలో కలిపి సంచుల్లో కడతాం. ఆ సంచి దగ్గరికి వచ్చేది ఆరోగ్యంగా ఉన్న చేప. మందంతా దాని పొట్టలోకే పోతుంది. జబ్బు చేప గట్టు పక్కన నీరసంగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే రోజు గడిచేకొద్దీ మందు పనికిరాకుండా పోతుంది. నేను ల్యాబ్ పెట్టినప్పటి నుంచీ ఈ మాటే చెబుతున్నాను, ఇవాళా చెబుతాను, మీకు విసుగొచ్చినా సరే.

ఒక రైతు సంగతి చెప్పాలి. పేరు అక్కర్లేదు. చలికాలం, శీలావతి చెరువు. పొట్ట ఉబ్బి, పొలుసులు లేచి, రెక్కల మొదట్లో ఎర్రగా రక్తం కమ్మి చేపలు తేలుతున్నాయి. ఆయన ఫోన్లో ఫొటో తీసి మందుల షాపుకి పంపారు. షాపాయన ఫొటో చూసి యాంటీబయాటిక్ ఇచ్చాడు. మూడు రోజులకు చావులు ఆగలేదని ఇంకోటి ఇచ్చాడు. తర్వాత రెండూ కలిపి వాడమన్నాడు. ఆఖరికి ఆయన నా దగ్గరికి వచ్చారు, పాలిథిన్ కవర్లో చచ్చిన చేపతో, అదీ మధ్యాహ్నం ఎండలో. "అమ్మాయ్, ఇందులో ఏ బాక్టీరియా ఉందో చెప్పు" అన్నారు. చచ్చిన చేపలో ఏం చెప్పను బాబాయ్? ఏరోమోనాస్ అనే బాక్టీరియా ప్రతి చెరువు నీళ్లలోనూ ఉంటుంది. చచ్చిన చేపలో దానంతటదే పెరిగిపోతుంది. అది చూసి జబ్బు అదేనని తేల్చలేం.

మర్నాడు తెల్లవారుజామున చెరువు మీదికి వెళ్లాం. నీళ్లలో ఆక్సిజన్ రెండు పీపీఎం, అంటే లీటరుకి రెండు మిల్లీగ్రాములు కూడా లేదు. ఒక చేపను పట్టి చూస్తే ఒంటి మీద పేను, అది కుట్టిన చోటల్లా పుండు. నీళ్లలో ఎప్పుడూ ఉండే ఏరోమోనాస్‌కి ఆ పుండే దారి. ఊపిరాడని చేపకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. బతికున్న జబ్బు చేపను కోసి, మూత్రపిండం నుంచి నమూనా తీసి పెంచి, మందు బిళ్లలు పెట్టి చూశాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బాక్టీరియా లేని వలయం వస్తుంది. ఆయన అప్పటికే వాడిన రెండు మందుల చుట్టూ వలయమే రాలేదు. అంటే ఆ బాక్టీరియాకు అవి లెక్కలేదు. అప్పుడు మేత తగ్గించి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు పెట్టి, నీరు మార్చి, పేనుకి చికిత్స చేసి, వలయం వచ్చిన ఒక్క మందునే పూర్తి కోర్సు వాడించాం. చావులు ఆగాయి. కానీ పట్టుబడిలో, అంటే చేపలు పట్టి అమ్మినప్పుడు, నష్టం తప్పలేదు. లీజు, వడ్డీ, మేత బాకీ, మందుల బాకీ అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి.

షాపాయన్ని తిట్టడానికి చెప్పడం లేదు. మేతా మందూ పట్టుబడి దాకా అప్పిచ్చేది ఆయనే అయినప్పుడు, "ఈ మందు వద్దు" అని రైతు ఎలా అంటాడు? నా బాధంతా అక్కడే ఉంది.

మిగతా జబ్బులు చెబుతాను. వల లాగినప్పుడు, పిల్ల రవాణా చేసినప్పుడు ఒరుసుకుపోయిన చోట కొలమ్నారిస్ అనే బాక్టీరియా జబ్బు పడుతుంది. తోక, రెక్కలు కుళ్లుతాయి, మొప్పలు పసుపు గోధుమ రంగుకి మారతాయి. పంగాసియస్ అనే పెంపకం చేపలో ఎడ్వర్డ్‌సియెల్లా బాక్టీరియా జబ్బు వస్తుంది, దాని ఆనవాలు కాలేయం, మూత్రపిండాల మీద తెల్ల చుక్కలు. ఇవన్నీ కిక్కిరిసిన చెరువులో, అడుగున బురద మురిగిన చెరువులో ఎక్కువ. పట్టుబడి అయ్యాక చెరువు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టి, బురద తీసి, సున్నం కొట్టండి. చేప ఉన్నప్పుడు మాత్రం పీహెచ్, అమ్మోనియా చూడకుండా సున్నం చల్లొద్దు. పీహెచ్ పెరిగితే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు నిషేధం. కొలిస్టిన్‌ని కూడా 2019లో పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకుండా కేంద్రం ఆపేసింది. మనుషుల ఆసుపత్రిలో ఆఖరి మందు అది. ఆక్సీటెట్రాసైక్లిన్ వాడొచ్చు, కానీ చేప మాంసంలో కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. ఇవాళ మందు పెట్టి రేపు కాటా వేస్తే అది దాటుతుంది. ఆ చేప హౌరా వెళ్తుంది, గువాహటి వెళ్తుంది, ఎవరి పిల్లలో తింటారు.

ఇంకొకటి. చచ్చిన చేపల్ని కాలవలోకి విసరొద్దు. దయచేసి వద్దు. మీరు మురుగు నీరు వదిలే కాలవే కింది రైతుకి నీటి కాలవ. ఆయన మోటారు ఆన్ చేశాడంటే మీ జబ్బు ఆయన చెరువులో ఉంటుంది. గట్టుకి దూరంగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చండి. ఈ ఒక్క పని ఇవాళే మొదలుపెడతారా? చేతులెత్తండి చూద్దాం.

అధికారులకు నా విన్నపం ఇది. మందు బిళ్లల పరీక్ష మండలానికి ఒకచోటైనా, రైతు భరించగల ఖర్చులో జరిగేలా చూడండి. నీటి కాలవ, మురుగు కాలవ వేరు చేసే పని కాగితం మీద నుంచి కదలాలి.

రైతులకు చెప్పేది ఒకటే. నీరసంగా తిరిగే చేపల్ని మూడు నాలుగు, బతికుండగా, చెరువు నీళ్లతోనే ఆక్సిజన్ కవర్లో కట్టి తీసుకురండి. అప్పటిదాకా మందు పెట్టకండి. మైక్రోస్కోప్ తెచ్చాను, అటు బల్ల మీద ఉంది. కుళ్లిన మొప్ప, మంచి మొప్ప పక్కపక్కన పెట్టాను. భోజనాలకు వెళ్లేముందు ఒక్కొక్కరూ వచ్చి చూసి వెళ్లండి.