ఇంటి చదువు: ఎవరు ఏం వదులుకోవాలి?

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామా అని ఆలోచిస్తున్నవాళ్లే. మా పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఇంట్లోనే చదువుకుంటున్నారు. ఏ సిలబస్ మంచిది, ఏ యాప్ మంచిది అని అందరూ అడుగుతారు. వాటికంటే ముందు, ఇంట్లో ఎవరు ఏం వదులుకోవాలో మాట్లాడుకోవాలి, ఎందుకంటే నేను చూసిన చాలా ఇళ్లలో ఆ వదులుకునేది అమ్మే.

జీతం పోతుందని అందరికీ తెలుసు. పెళ్లికో పేరంటానికో వెళ్తే "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని అడిగి, "పిల్లల్ని చదివిస్తున్నాను" అనగానే "అయితే ఖాళీయేగా" అనేస్తారు చూడండి, నాకు జీతం కంటే అదే ఎక్కువ కష్టమనిపించింది. పొద్దున లేచిన దగ్గర్నుంచి పిల్లలు పక్కనే ఉంటారు, జ్వరమొచ్చినా సెలవుండదు, కాసేపు తలుపేసుకుని కూర్చుందామన్నా కుదరదు. పిల్లలు కూడా పోగొట్టుకునేవి ఉన్నాయి. సాయంత్రం ఆడుకోవడానికి కిందికి వెళ్తే అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఉండరు, అందరూ ట్యూషన్లలో ఉంటారు. స్నేహితుల్ని మనమే వెతికి, వాళ్ల ఇళ్లకి తీసుకెళ్లి, తీసుకురావాలి.

మా అత్తగారు "బడికి పోని పిల్లకి రేపు ఉద్యోగం ఎవరిస్తారే" అని చాలా టెన్షన్ పడ్డారు. అది అడగాల్సిన ప్రశ్నే. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, ఇంటి చదువు గురించి అందులో విడిగా ఏమీ లేదు. అందుకే సర్టిఫికెట్ సంగతి మొదటి రోజు నుంచే చూసుకోవాలి. 14 ఏళ్లు నిండాక, బడికి వెళ్లకుండానే పరీక్ష రాయనిచ్చే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో గానీ, మన రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లలో గానీ పదో తరగతి రాయొచ్చు. ఎన్ఐఓఎస్‌లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, పాసైన సబ్జెక్ట్ మళ్లీ రాయక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. ముంబైలో ఇంట్లో చదువుకున్న మాళవిక జోషి గురించి వినే ఉంటారు. ఆ అమ్మాయి కోసం వాళ్లమ్మ ఉద్యోగం మానేసింది. ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్‌లో మూడు పతకాలు గెలిచినా పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేదని ఐఐటీలో చేరే దారి లేకపోయింది, 2016లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ సీటిచ్చింది. మన పిల్లలందరికీ పతకాలు రావు కదా, కాబట్టి ఆ కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మరి ఇన్ని వదులుకుంటే దక్కేదేమిటి? ఒక మామూలు రోజున, జనం లేనప్పుడు, గోల్కొండకి వెళ్లాం. కోట గుమ్మం గోపురం కింద అమ్మాయి చప్పట్లు కొడితే కొండపైన బాలాహిసార్ మండపం దగ్గర నిలబడ్డ తమ్ముడికి వినపడింది. ఇంటికొచ్చాక వాడు ఇక ధ్వనిని వదల్లేదు, బిందెలో అరిచి చూడటం, బావి దగ్గర అరిచి చూడటం, గోడకి చెవి ఆనించి వినడం, చివరికి అక్క ఫిజిక్స్ పుస్తకం లాక్కుని చదవడం. గంట కొట్టగానే పుస్తకం మార్చమనేవాళ్లు లేరు కాబట్టే అది అంత దూరం వెళ్లింది. మా అమ్మాయికి లెక్క రాకపోతే ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలుస్తుంది, ఎందుకు కోపమొచ్చిందో తెలుస్తుంది. మధ్యాహ్నాలు అమ్మమ్మ పక్కన కూర్చుని వేమన పద్యాలు చెప్పించుకుంటారు, తెలుగు పేపర్ పైకి చదివి వినిపిస్తారు. ఇంగ్లీష్ మీడియం హడావిడిలో ఇది మాకు దక్కేదా అంటే, దక్కేది కాదనే నా నమ్మకం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. భార్యాభర్తల్లో ఒక్కరికే ఇష్టమైతే మొదలుపెట్టకండి. మా ఆయన సాయంత్రాలు సైన్స్ చెప్తారు, వంటలో సగం చేస్తారు, బంధువులకి జవాబు కూడా తనే చెప్తారు. అది లేకపోతే నేను ఇన్నాళ్లు నిలబడేదాన్ని కాదు. ఇక మీరు అడగండి, ముందుగా నాన్నలు అడిగితే సంతోషిస్తాను.