గీలా కొండగుహల ఇళ్ళు: ఒక రాత్రి టెంటు, రెండు నడకలు, మధ్యలో ఏరు

అందరికీ నమస్కారం అండీ. స్క్రీన్ మీద కనిపిస్తున్నది న్యూ మెక్సికో మ్యాపు. కింద ఎడమ మూల చూడండి, ఇదిగో ఇక్కడ సిల్వర్ సిటీ. ఇక్కణ్ణుంచి ఉత్తరానికి మెలికలు తిరుగుతూ ఒక గీత పోతోంది కదా, అది 15వ నంబరు రోడ్డు. ఆ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో అక్కడే మనం వెళ్ళేది. గీలా క్లిఫ్ డ్వెల్లింగ్స్ నేషనల్ మాన్యుమెంట్. కొండ చరియలో ఉన్న గుహల్లో, 700 ఏళ్ళ కిందట మొగొయోన్ అనే ఇక్కడి ఆదివాసీ జనం కట్టుకున్న రాతి ఇళ్ళు.

ఫీనిక్స్, టూసాన్, ఎల్ పాసోల్లో ఉన్న మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే. పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగి వచ్చేయొచ్చా అని. వద్దండీ. ఒక రాత్రి ఉండండి. ఎందుకంటే, ఇక్కడ చూడండి, సిల్వర్ సిటీ నుంచి 44 మైళ్ళే. కానీ ఆ 44 మైళ్ళకి దగ్గర దగ్గర రెండు గంటలు. ఘాట్ రోడ్డు, సన్నగా ఉంటుంది, మలుపు మీద మలుపు. ఫీనిక్స్ నుంచి సిల్వర్ సిటీకే నాలుగున్నర, అయిదు గంటలు పడుతుంది. మీరే లెక్క వేసుకోండి.

ఇంకొకటి, అరిజోనా వాళ్ళకి మాత్రమే. వేసవిలో మీ గడియారానికి, న్యూ మెక్సికో గడియారానికి ఒక గంట తేడా. అక్కడ ఒక గంట ముందు ఉంటుంది. మీకు మధ్యాహ్నం 2 అయితే వాళ్ళకి 3. గుహల దారి సాయంత్రం దాకా తెరిచి ఉంచరు, ఒక సమయం దాటాక కొత్తగా ఎవర్నీ పైకి పంపరు. ఆ గంట తేడాతోనే గేటు దగ్గర నిలబడి వెనక్కి వెళ్ళిపోయే వాళ్ళుంటారు. వేళలు పార్క్ సర్వీస్ సైట్లో ఉంటాయి, బయల్దేరే ముందు రోజు చూసుకోండి, మారుతుంటాయి.

సరే. రోడ్డు. చిన్న కారైతే 15 మీద వెళ్ళిపోండి. వెనక ట్రైలర్ తగిలించి 20 అడుగులు దాటితే మాత్రం 35వ నంబరు రోడ్డు. ఇదిగో, తూర్పు నుంచి, మింబ్రెస్ లోయ మీదుగా, లేక్ రాబర్ట్స్ దగ్గరగా వచ్చి మళ్ళీ 15లోనే కలుస్తుంది. కొంచెం దూరం ఎక్కువ, మలుపులు తక్కువ. కడుపులో తిప్పే పిల్లలు ఉంటే చిన్న కారైనా నేను ఇటే చెప్తాను. పెట్రోలు సిల్వర్ సిటీలోనే నిండా కొట్టించుకోండి. సిగ్నల్ ఊరు దాటగానే పోతుంది, మళ్ళీ ఊళ్ళోకి వచ్చేదాకా లేదనే అనుకోండి.

అందుకని మ్యాపులు ముందే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ అందరికీ తెలిసిందే, ఇలా, ఇలా, అయిపోయింది. కానీ అందులో రోడ్లే ఉంటాయి, అడవిలో కాలిబాటలు సరిగ్గా రావు. బాటల కోసం నేను వాడేది గయా జీపీఎస్ అనే యాప్. కాల్‌టోపో కూడా బాగుంటుంది, పెద్ద స్క్రీన్ మీద గీసుకోవడానికి నాకు కాల్‌టోపోనే ఇష్టం. ఎత్తు గీతలు, వాగులు స్పష్టంగా కనిపిస్తాయి. ఏదైనా పర్లేదు, ఒక్కటి దించుకుని, ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకుందా? అయితే సరే.

ఇక ఎక్కడ పడుకోవాలి. ఇక్కడ రెండు రకాలు. గుహలకి దగ్గరగా అప్పర్ స్కార్పియన్, లోయర్ స్కార్పియన్. అద్దె లేదు, ముందు బుకింగ్ లేదు, ముందొచ్చిన వాళ్ళది చోటు. మరుగుదొడ్లు ఉంటాయి. నీళ్ళు కొన్ని నెలల్లోనే వస్తాయి. రెండో రకం, కిందకి వచ్చాక గీలా నది ఒడ్డున, గ్రేప్‌వైన్, ఫోర్క్స్. ఇవీ ఉచితమే, నది పక్కనే, చాలా బాగుంటాయి, కానీ తాగడానికి నీళ్ళు లేవు. నేనైతే స్కార్పియనే అంటాను. పొద్దున లేచి గుహల దారికి నడిచే వెళ్ళిపోవచ్చు. పైగా లోయర్ స్కార్పియన్ నుంచే ఒక చిన్న దారి ఉంది, ట్రైల్ టు ది పాస్ట్ అంటారు. కొద్ది నిమిషాల నడక. ఎర్ర రంగుతో రాతి మీద వేసిన బొమ్మలు, ఒక చిన్న ఇల్లు. చాలామంది దాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు. సాయంత్రం టెంటు వేశాక అటు వెళ్ళండి.

టెంటు వేయడం చెప్పను, వీడియోలు బోలెడున్నాయి. ఒకటే, ఏరు పక్కన పల్లంలో వేయకండి. రాత్రి చల్లగా ఉంటుంది, 5,700 అడుగుల ఎత్తు ఇది, మేలో కూడా తెల్లవారుజామున స్వెట్టర్ కావాలి. ఎలుగుబంట్లు తిరిగే అడవి కాబట్టి తిండి అంతా కార్లో పెట్టి తాళం వేయాలి, టెంట్లో వద్దు. ఎండలు ముదిరాక మంట వేయకూడదని ఆంక్షలు పెడతారు, అందుకని చిన్న గ్యాస్ స్టవ్ పట్టుకెళ్ళండి. మా ఇంట్లో అయితే మొదటి రాత్రికి పులిహోరే. వేడి చేయక్కర్లేదు, గిన్నెలు కడగక్కర్లేదు, ఉన్న నీళ్ళన్నీ తాగడానికే ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్తాను, ఎందుకంటే నాకు అన్నింటికంటే ఆలస్యంగా అర్థమైంది ఇదే.

గీలా నదికి మూడు పాయలు. వెస్ట్ ఫోర్క్, మిడిల్ ఫోర్క్, ఈస్ట్ ఫోర్క్. మ్యాపులో చూడండి, నీలం గీతలు. ఇదిగో వెస్ట్ ఫోర్క్, పడమటి నుంచి, మొగొయోన్ కొండల్లోంచి వస్తోంది. గుహల ముందు నుంచి పోయేది ఇదే. మిడిల్ ఫోర్క్ ఉత్తరం నుంచి, ఇంత దూరం నుంచి, స్నో లేక్ వైపు నుంచి వస్తోంది. చూశారా, ఎంత పైన ఉందో? ఈ లోయల్లో బాటకి వంతెనలు ఉండవు. బాట ఏట్లోకి దిగుతుంది, అవతల ఒడ్డున ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. ఇలా ఎన్నోసార్లు. కాబట్టి ఆ రోజు ఏట్లో ఎంత నీరు ఉందన్నదే మీ నడకని నిర్ణయిస్తుంది.

అందరూ ఏం చేస్తారంటే, ఫోన్లో సిల్వర్ సిటీ అని కొట్టి వాతావరణం చూస్తారు. ఎండ గుర్తు కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుంటారు. కానీ సిల్వర్ సిటీ ఈ కొండలకి దక్షిణాన ఉంది. అక్కడి వాన ఈ ఏట్లోకి రాదు, ఇక్కడి వాన అక్కడ తెలియదు. మనకి కావాల్సింది ఏరు పుట్టే చోట వాన ఉందా లేదా అని.

కాబట్టి ఇలా చేయండి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్ తెరవండి. ఊరి పేరు కొట్టకండి. పేరు కొట్టకండి, మ్యాపు దగ్గరికి రండి. కింద కనిపిస్తోంది కదా, చిన్న మ్యాపు. దాన్ని లాగండి, ఇంకా పైకి, ఇంకా. ఇదిగో స్నో లేక్. ఇక్కడ క్లిక్ చేయండి. చూశారా, పేజీ మొత్తం మారిపోయింది. ఇప్పుడు చూపిస్తున్నది ఆ ఒక్క చోటి వాతావరణం. మిడిల్ ఫోర్క్‌కి ఇది. ఇప్పుడు పడమటికి జరపండి, మొగొయోన్ కొండల మీద క్లిక్ చేయండి. ఇది వెస్ట్ ఫోర్క్‌కి. రెండూ చూడాలి. రెండూ. కింద నీలాకాశం, పైన ఉరుములు, ఇలాంటి రోజులు జులై నుంచి సెప్టెంబరు దాకా మామూలే. మీ నెత్తిన ఒక్క చినుకు పడకుండానే ఏరు పొంగొచ్చు. 2012లోనూ, 2022లోనూ ఈ అడవిలో చాలా పెద్ద కార్చిచ్చులు వచ్చాయి. కాలిన నేల వాననీటిని ఇంకించుకోదు, బూడిదతో, మొద్దులతో కలిపి కిందకి తోసేస్తుంది.

రెండో పేజీ, యూఎస్‌జీఎస్, అంటే అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళది. గీలా రివర్ నియర్ గీలా అనే నీటి కొలత కేంద్రం. ఈ గ్రాఫ్‌లో నదిలో సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో చూపిస్తారు. మంచి సాధనం. కానీ ఇది ఎక్కడుందో చూడండి. ఇదిగో, ఇంత కింద. మూడు పాయలూ కలిసిన తర్వాత, చాలా దిగువన. అంటే ఇక్కడ గీత లేచిందంటే ఆ నీరు మీ దగ్గర నుంచి అప్పటికే దాటిపోయిందని. గీత పడుకుని ఉందంటే, పైన వరద బయల్దేరి ఇంకా ఇక్కడికి రాలేదేమో కూడా. అందుకని నేను దీన్ని వారం పొడుగునా ఎలా ఉందో చూడటానికి వాడతాను. మార్చి, ఏప్రిల్‌లో మంచు కరిగి మెల్లగా పెరుగుతోందా, మేలో తగ్గుతోందా, అది దీనిలో బాగా తెలుస్తుంది. ఈరోజు దాటొచ్చా అన్నది మాత్రం దీన్ని అడగకూడదు. దానికి విజిటర్ సెంటర్లో రేంజర్‌ని అడగండి. పొద్దున్నే అడగండి, చెప్తారు.

దాటేటప్పుడు. ఈ క్లిప్ చూడండి. బూట్లు విప్పలేదు. విప్పకండి, గులకరాళ్ళు పాచి పట్టి ఉంటాయి. పాత రన్నింగ్ షూస్, ఊలు సాక్సులు, అంతే. బ్యాగు నడుం బెల్టు, ఛాతీ బెల్టు రెండూ ఊడదీశాను, పడితే బ్యాగు వదిలేయడానికి. ముఖం ఎగువకి, కర్రలు ముందు, పక్కకి అడుగు. ఏరు సన్నగా ఉన్న చోట దాటాలనిపిస్తుంది, కానీ లోతు అక్కడే. వెడల్పుగా పారుతూ సవ్వడి చేసే చోటు చూసుకోండి. నీరు మోకాలు దాటి గట్టిగా లాగుతుంటే ఆగిపోండి. నీరు బురదగా మారి అడుగు కనిపించకపోతే ఆగిపోండి. ఇవతల ఒడ్డున, ఎత్తు మీద కూర్చోండి. వాన వరద చాలాసార్లు కొన్ని గంటల్లోనే తీస్తుంది.

నీళ్ళలో దిగడం ఇష్టం లేని వాళ్ళకి, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి నేను చెప్పే నడక లిటిల్ బేర్ కాన్యన్. బాట మొదలయ్యే టీజే కరాల్ దగ్గర కారు పెట్టి, మెట్ట ఎక్కి, అవతల దిగితే సన్నటి రాతి సందు. రెండు పక్కలా గోడలు దగ్గరికొచ్చి, ఆకాశం సన్నటి చీలికలా మిగులుతుంది. నాలుగు మైళ్ళ దూరంలో మిడిల్ ఫోర్క్ ఒడ్డున తేలతారు. అక్కడ భోజనం చేసి వచ్చిన దారినే తిరిగి రండి. ఉరుములు వినిపించే రోజు మాత్రం ఆ సందులోకి అడుగు పెట్టకండి.

విజిటర్ సెంటర్ నుంచి మిడిల్ ఫోర్క్ వెంట అర మైలు వెళ్తే లైట్‌ఫెదర్ వేడినీటి ఊట. మధ్యలో రెండుసార్లు ఏరు దాటాలి. ఊట దగ్గర నీరు కాలుతుంది, ఏటి నీరు కలిసే చోట కూర్చోండి. తల ముంచకండి, ముక్కులోకి నీరు పోనివ్వకండి. ఇలాంటి వేడినీళ్ళలో నేగ్లేరియా అనే అమీబా ఉండొచ్చు, ముక్కు ద్వారా మెదడుకి చేరితే ప్రాణాంతకం. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

ఇక గుహలు. రెండో రోజు పొద్దున, దారి తెరవగానే. ఒక మైలు చుట్టు, 180 అడుగుల ఎక్కుడు. నీళ్ళు తప్ప తిండి పైకి తీసుకెళ్ళనివ్వరు. కుక్కల్ని రానివ్వరు. డ్రోన్ నిషేధం, మన యూట్యూబ్ మిత్రులు గుర్తుపెట్టుకోండి. మొదట లోయలో సన్నటి వాగు పక్కన నీడలో నడుస్తారు. తల ఎత్తితే ఒక్కసారిగా కనిపిస్తాయి.

ఇక్కడ తొందరపడకండి. అయిదు గుహల్లో 40కి పైగా గదులు. దూలాల చెట్టు వలయాలు లెక్కపెట్టి 1276 నుంచి 1287 మధ్య నరికిన కలప అని తేల్చారు. ఆ దూలాల్లో కొన్ని ఇంకా అవే, మార్చినవి కావు. పైకప్పు చూడండి, ఈ నలుపు వాళ్ళ పొయ్యిల మసి. మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి పండించుకుని, ఇన్ని గోడలు లేపుకుని, 1300 నాటికి వెళ్ళిపోయారు. ఎందుకన్నది తేలలేదు. ఇప్పటి ఆదివాసీలైన హోపీ, జూనీ, ఆకోమా ప్రజలు వీళ్ళని తమ పూర్వీకులుగా చెప్పుకుంటారు. అంటే ఇవి పాడుబడ్డ కొంపలు కావు, ఒకరి తాతముత్తాతల ఇళ్ళు. గోడ మీద చెయ్యి పెట్టకండి, ఫోటో కోసం ఆనుకోకండి. చేతికి ఉండే జిడ్డు ఆ మట్టి పూతకి మంచిది కాదు. రేంజర్ ఉంటే దగ్గర నిలబడి వినండి, వాళ్ళు చెప్పేది ఏ బోర్డు మీదా ఉండదు.

చుట్టూ ఉన్నది గీలా వైల్డర్‌నెస్, అంటే రోడ్లు వేయకుండా అడవిని అడవిగానే వదిలేసిన చోటు. అటవీ శాఖలో పనిచేసిన ఆల్డో లియోపోల్డ్ పట్టుబట్టి అడిగితే 1924లో ఏర్పడింది, దేశంలో అలా గుర్తించిన మొదటి అడవి ఇదే. అందులో బండ్లు కాదు కదా, సైకిల్ కూడా వెళ్ళదు. అందుకే లోపలికి వెళ్ళేముందు ఊళ్ళో ఒకరికి ఏ బాట, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది రాసి మెసేజ్ పెట్టండి. సిగ్నల్ ఉన్నప్పుడే, సిల్వర్ సిటీలోనే.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే పెట్టుకోండి, రోడ్డు మీదికి జింకలు వస్తాయి. నేను స్క్రీన్ మీద గీసిన బాటలు, స్నో లేక్ వాతావరణం పేజీ, నీటి కొలత పేజీ మూడూ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఏ నెలలో వెళ్తున్నారో, పిల్లల వయసు ఎంతో కామెంట్లో రాయండి, ఏ బాట బాగుంటుందో చెప్తాను.