కరెంటు కాదమ్మా, రేడియేషన్

(ప్రపంచ క్యాన్సర్ దినం, ఫిబ్రవరి 4న గుంటూరులోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నన్ను డాక్టరని పరిచయం చేశారు. కాదండీ, నేను రేడియేషన్ టెక్నీషియన్ని. డాక్టరు గారు, రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు గారు కలిసి ప్లాన్ వేస్తే, రోజూ పేషెంటును మెషీన్ కింద పడుకోబెట్టేది నేను.

మన వైపు ఈ రేడియేషన్ వైద్యాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. నా బాధంతా ఆ మాట మీదే.

ఒక అబ్బాయి. ఇరవై రెండేళ్లు. నాన్న మిర్చి యార్డులో హమాలీ. మెడ మీద గడ్డ, ఒక చెవి దిబ్బడ. చూస్తే ముక్కు వెనక, గొంతు పైభాగంలో క్యాన్సర్. వక్కపొడి కూడా ముట్టని పిల్లాడు. ఈ రకం కుర్రవాళ్లకూ వస్తుంది, రేడియేషన్‌కు బాగా లొంగుతుంది కూడా. మొత్తం 70 గ్రే. గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత. రోజుకొక సిట్టింగు, సిట్టింగుకు రెండు గ్రే చొప్పున 35 సిట్టింగులు, వారానికి అయిదు రోజులు, ఏడు వారాలు.

20 సిట్టింగులు అయ్యాక రావడం మానేశాడు. నోరంతా పూసింది. కారం లేనిదే ముద్ద దిగని ఊరు మనది, అతనికేమో మజ్జిగ కూడా మండేది. ఇలా అవుతుందని, వైద్యం అయ్యాక కొన్ని వారాల్లో మానుతుందని ముందే చెప్పాం. కానీ ఎవరో బంధువు, ‘కరెంటు పెట్టి లోపలంతా కాల్చేస్తున్నారు, ఆపించండి’ అన్నారట. ఆపేశారు. 13 రోజులు.

అమ్మా, ఈ ఒక్క మాట వినండి. కరెంటు ఒంట్లోకి పోదు. మెషీన్ కరెంటుతో నడుస్తుంది, అందులోంచి వచ్చేది చాలా శక్తి ఉన్న ఎక్స్‌రే. అది ఒంట్లో నిలవ ఉండదు. ఇంటికెళ్లి పసిబిడ్డను ఎత్తుకోవచ్చు. ఐఎమ్ఆర్‌టీ అనే పద్ధతిలో చాలా వైపుల నుంచి కిరణాలు పంపుతారు, ఎక్కడ ఎక్కువ పడాలో ఎక్కడ తక్కువ పడాలో కంప్యూటర్ మీద మలుస్తారు. గడ్డకు 70 గ్రే పడుతున్నా, చెవి కింద లాలాజల గ్రంథికి సగటున 26 గ్రే దాటకుండా చూస్తారు. ఇరవై రెండేళ్లవాడు ఇంకా ఎన్నేళ్లు అన్నం తినాలి! నోట్లో ఊట లేకపోతే ముద్ద దిగదు, పళ్లు పుచ్చిపోతాయి. అందుకే మొదలుపెట్టే ముందే పళ్ల డాక్టరుకు చూపించమంటాం.

మళ్లీ చెబుతున్నా, మధ్యలో ఆపకండి. ఆపిన రోజుల్లో మిగిలిన క్యాన్సర్ కణాలు తిరిగి పెరుగుతాయి. నోటిపూతకు మందుంది. మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారు. పోయిన రోజులను మాత్రం ఎవరం తెచ్చివ్వలేం.

పద్నాలుగో రోజు తల్లే తీసుకొచ్చింది. తల కదలకుండా ముఖానికి బిగించే మాస్క్ పెడితే చెంప దగ్గర నా చూపుడువేలు దూరింది, అంతగా చిక్కిపోయాడు. తల కదిలితే కిరణం పక్కకు పడుతుంది. మళ్లీ సీటీ స్కాన్, మళ్లీ ప్లాన్, మళ్లీ మాస్క్. మిగతా 15 పూర్తి చేశాడు. చెకప్‌కు వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా రిపోర్టు చేతికొచ్చేదాకా నాకు టెన్షనే.

అతన్ని అడిగే పాత మాస్క్ తెచ్చాను, ఇదిగో. ప్లాస్టిక్ షీటును వేడినీళ్లలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి, గట్టిపడేదాకా పట్టుకుంటాం. ఇది ముక్కు, ఇది గడ్డం. చెంప మీది ప్లస్ గుర్తులు లేజర్ గీతలు కలిసే చోట్లు. వెనక వరస దాకా పంపండి బాబూ. జాగ్రత్త, అంచులు గుచ్చుకుంటాయి.