ట్రౌట్ చెరువుకి ఈ ఏరేటర్ కొనొచ్చా? డబ్బా మీద బొమ్మ చూసి మాత్రం కొనకండి

నమస్తే అండి. ఈ ఏరేటర్ కిట్, అంటే చెరువు నీళ్లలోకి గాలి పంపే మెషీన్, కంపెనీవాళ్లు నాకు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందే చూపించమని అడగలేదు. మోటార్ పవరెంత, గొట్టం ఎంత పొడవు అన్నవి మీరు ఈపాటికి వాళ్ల పేజీలో చూసే ఉంటారు. వాటి జోలికి నేను పోను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం మా చెరువు గురించి ఒక మాట. పెన్సిల్వేనియాలో పోకనోస్ కొండల దగ్గర, పావు ఎకరం ఉంటుంది, నడిమధ్య 12 అడుగుల లోతు. అందులో రెయిన్‌బో ట్రౌట్ అనే చల్లనీటి చేపల్ని పెంచుతున్నాను. ఇవి నిలవ నీళ్లలో పిల్లల్ని చేయవు, గుడ్లు పెట్టాలంటే గులకరాళ్ల మీద పారే నీళ్లు కావాలి. అందుకే ఎప్పటికప్పుడు హ్యాచరీ నుంచి తెచ్చి వదలాల్సిందే.

మెషీన్ బాగుంది, చాలా బాగుంది. గట్టున కంప్రెసర్, అక్కడి నుంచి నీళ్లలోకి గొట్టం, చివర గాలి వదిలే రబ్బరు ప్లేటు, అంతే. పక్కన నిలబడి మామూలు గొంతుతో ఫోన్ మాట్లాడుకోవచ్చు. గొట్టం బరువుది, దానంతట అదే మునుగుతుంది. ఇంతకుముందు వాడినదానికి ఇటుకలు కట్టి ముంచేవాణ్ని, రెండు వారాలకల్లా ఒక చివర పైకి తేలేది. అంతకన్నా ముందు ఫౌంటెన్ ఉండేది. చూడ్డానికి అందంగా ఉండేది కానీ పైనున్న నీళ్లనే తిప్పి తిప్పి చల్లేది.

ఇప్పుడు అసలు విషయం. డబ్బా మీద ఎంత పెద్ద ట్రౌట్ బొమ్మ వేశారో చూడండి. లోపల మాన్యువల్ తెరిస్తే ఒకటే మాట: 'ప్లేటుని చెరువులో అన్నిటికన్నా లోతైన చోట పెట్టి 24 గంటలూ నడపండి.' బాస్, బ్లూగిల్ లాంటి వేడి తట్టుకునే చేపలున్న చెరువుకి ఈ సలహా సరిగ్గా సరిపోతుంది. జులైలో ట్రౌట్ ఉన్న చెరువులో ఇలా చేస్తే చేపలు చచ్చిపోతాయి. ఇది చదివిన దగ్గర్నుంచి నాకు కోపం తగ్గడం లేదు.

ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. తాడుకి థర్మామీటర్ కట్టి, అడుగు అడుగుకీ ఆపుతూ దించి చూశాను. ఎండాకాలం మధ్యాహ్నం పైన 80 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆరడుగుల దగ్గర 70, తొమ్మిది అడుగుల దగ్గర 62. ట్రౌట్‌కి హాయిగా ఉండేది 50 నుంచి 65 మధ్య. 70 దాటితే, అంటే మన లెక్కలో 21 సెల్సియస్ దాటితే, ఇబ్బంది మొదలవుతుంది. 77 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఎండలో చేపలన్నీ కిందికి దిగి ఆ చల్లటి పొరలో తలదాచుకుంటాయి. ఇంకా కిందికి, బురద దాకా పోలేవు, అక్కడ ఆకులు కుళ్లి ఆక్సిజన్ ఉండదు. పైన వేడి, కింద ఊపిరాడదు, మధ్యలో రెండు మూడు అడుగుల చోటే వాటికి ఇల్లు.

ఏరేటర్ చేసే పని బుడగల్లోని గాలిని నీళ్లలో కలపడమే అనుకుంటాం. అది కొంతే. అసలు పని, బుడగలు పైకి లేస్తూ అడుగు నీళ్లని పైకి మోసుకురావడం. పైకొచ్చిన నీళ్లు గాలి తగిలి ఆక్సిజన్ పట్టుకుంటాయి. అదే పని పన్నెండడుగుల లోతు నుంచి పగలూ రాత్రీ చేస్తే చల్లటి పొర మొత్తం పైకొచ్చి ఎండకి కాగుతుంది. చెరువంతా ఒకటే వేడి అవుతుంది. ఇక ట్రౌట్ ఎక్కడికి పోవాలి?

భీమవరం, కైకలూరు వైపు నుంచి చూస్తున్నవాళ్లకి ఇది వింతగా అనిపించొచ్చు. మన దగ్గర తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే, చేపలు పైకి తేలితే, మొదట చేసేది ఏరేటర్ వేయడమే. కరెంటు పోతే టెన్షన్. మా బాబాయి రాత్రంతా చెరువు గట్టునే ఉండేవాడు. ఏరేటర్ నడిస్తే నష్టం అన్న మాటే మనం విని ఉండం. కానీ ఆ చెరువులు లోతు తక్కువవి, ఆ చేపలు వేడికి అలవాటు పడ్డవి. 'అన్నా, మా చెరువులో ట్రౌట్ వేయొచ్చా' అని కామెంట్లలో అడుగుతున్నారు. వద్దు. మన నీళ్లు 30 సెల్సియస్ దాటుతాయి, ట్రౌట్ 25 దగ్గరే పోతుంది. మన దేశంలో కశ్మీర్, హిమాచల్, నీలగిరుల లాంటి చల్లటి చోట్లే దానికి పడతాయి.

నేనేం చేశానంటే, ప్లేటుని ఆరడుగుల లోతున్న అంచు మీదికి జరిపాను. దాని పైనున్న నీళ్లే ఎక్కువగా తిరుగుతాయి, కింది చల్లదనం చాలావరకు మిగులుతుంది. ఎండాకాలంలో రాత్రి గాలి చల్లబడ్డాక వేసి, ఎండ ఎక్కకముందే ఆపేస్తాను. నీళ్లు 68 ఫారెన్‌హీట్ దాటితే మేత కూడా ఆపేస్తాను, మేత అరగడానికి చేపకి ఇంకా ఆక్సిజన్ కావాలి. చలికాలంలో మాత్రం ఇది బంగారం. మంచు గడ్డకట్టినా ఒకచోట నీళ్లు తెరుచుకునే ఉంటాయి, లోపలి చెడుగాలి బయటికి పోతుంది. ఆ చుట్టుపక్కల మంచు పల్చగా ఉంటుంది, పిల్లల్ని అటు పోనివ్వకండి.

ఏ ఏరేటరూ నీళ్లని చల్లబరచదు. మీ చెరువు అడుగున కూడా ఎండాకాలంలో 72, 73 ఉంటే అక్టోబర్‌లో చేపలు వదిలి, జూన్ రాకముందే పట్టుకుని వండుకోండి. చేపలు తెచ్చే ముందు మీ రాష్ట్రంలో పర్మిట్ కావాలేమో కనుక్కోండి, న్యూయార్క్‌లో అయితే కావాలి.

బాస్ చెరువు ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. ట్రౌట్ ఉన్నవాళ్లకి మాత్రం ఈ కిట్ కొనమని చెప్పలేను. మెషీన్‌లో లోపం లేదు, కానీ ట్రౌట్ బొమ్మ వేసి అమ్ముతూ ట్రౌట్‌ని చంపే సలహా ఇస్తున్నారు. కంపెనీకి రాశాను. మాన్యువల్‌లో ఆ పేజీ మార్చేదాకా కింద కొనుగోలు లింక్ పెట్టను.