ఆకు పీల్చే పాదరసం

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం.

ప్రొద్దుటూరుకు వచ్చి బంగారం గురించి మాట్లాడటమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. గీటురాయి మీద వన్నె చూడటం, తరుగు లెక్కకట్టడం నాకు రావు. నేను చదివింది నేల, మొక్క. అందుకని బంగారం కొట్టుకు చేరకముందు, అది తవ్విన చోట పక్క చేనుకు ఏమవుతోందో అంతవరకే చెబుతాను. చెప్పేది ఎక్కువగా పశ్చిమ ఆఫ్రికా సంగతి.

పాదరసం బంగారాన్ని పట్టేస్తుందని మీకు చెప్పక్కర్లేదు. థర్మామీటరు పగిలి, ఉంగరానికి పాదరసం తగిలి, అది తెల్లబడిపోతే లబోదిబోమంటూ ఆచారి దగ్గరికి పరుగెత్తిన ఇళ్లు ఈ ఊళ్లోనూ ఉంటాయి. చిన్న చిన్న గనులవాళ్లు బతికేది ఆ గుణం మీదే. ఘనాలో అనుమతి లేకుండా జరిగే ఈ తవ్వకాన్ని గలాంసే అంటారు. రాయిని పొడి కొట్టి నీళ్లతో కడిగితే అడుగున బరువైన నల్ల ఇసుక నిలుస్తుంది. అందులో పాదరసం పోసి వట్టి చేతులతోనే కలుపుతారు. కంటికి ఆనని బంగారం రేణువులు కూడా దానికి అంటుకుంటాయి. గుడ్డలో వేసి పిండితే ఎక్కువైన పాదరసం కారిపోయి బూడిదరంగు ముద్ద మిగులుతుంది. దాన్ని రేకు మీదో, వంటింటి పెనం మీదో పెట్టి మంట పెడతారు. పాదరసం 357 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది. కాసేపటికి ఆ బూడిదరంగులోంచి పసుపు తేలుతుంది. అందరి కళ్లూ ఆ పసుపు మీదే. పోయిన ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఘాటుగా ఉంటే జనం దూరం జరిగేవాళ్లు. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి కూడా పక్కనే కూర్చుంటుంది. పీల్చిన పాదరసం ఆవిరిలో సుమారు 80 శాతం ఒంట్లోనే ఉండిపోతుంది.

ఇది ఎంత పెద్ద వ్యవహారమో చూడండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2015లో మనుషుల పనుల వల్ల గాల్లో కలిసిన పాదరసం సుమారు 2,220 టన్నులు. అందులో 838 టన్నులు ఈ చిన్న గనుల నుంచే. మన ముద్దనూరు దగ్గరున్న ఆర్టీపీపీ లాంటి బొగ్గు కరెంటు కేంద్రాలు ప్రపంచంలో ఉన్నవన్నీ కలిసి వదిలింది అందులో సగం కూడా లేదు.

పాదరసం అనగానే చదువుకున్నవాళ్లకు చేపలు గుర్తొస్తాయి. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన, నరాలను దెబ్బతీసే జబ్బు అలాంటిది మరి. ఫ్యాక్టరీ నీళ్లు సముద్రంలోకి, అక్కణ్ణుంచి చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి. ఆ కథ ఎంత బలంగా నాటుకుపోయిందంటే, గనుల దగ్గర కూడా అందరూ ఏటినీళ్లూ చేపలే పరీక్షిస్తూ కూర్చున్నారు. చేలవైపు చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా పాదరసం నేలలోంచి వేళ్ల ద్వారా ఎక్కుతుందనే అనుకున్నారు.

నైజీరియాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2025లో వచ్చాయి. ముద్దలు కాల్చే చోటికి సుమారు అర కిలోమీటరు దూరంలో ఒక పొలం, 8 కిలోమీటర్ల దూరంలో ఇంకో పొలం తీసుకున్నారు. పంటలు మొక్కజొన్న, వేరుశనగ, కర్రపెండలం. దగ్గరి పొలంలో గాలి, మట్టి, పంట మూడింటిలోనూ పాదరసం చాలా ఎక్కువ. మొక్కలో చూస్తే ఆకుల్లో ఎక్కువ, గింజల్లో దుంపల్లో తక్కువ. పాదరసానికి ఏడు స్థిర ఐసోటోపులున్నాయి, అంటే బరువులో మాత్రమే కొద్దిగా తేడా ఉండే రూపాలు. వాటి పాళ్లను బట్టి అది మట్టి నుంచి వచ్చిందా గాలి నుంచి వచ్చిందా పోల్చుకోవచ్చు. తేలిందేమిటంటే, మొక్కలో చేరినదాంట్లో ఎక్కువ భాగం గాలిలోదే. కార్బన్ డయాక్సైడ్ కోసం తెరుచుకునే పత్రరంధ్రాల్లోంచే పాదరసం ఆవిరీ లోపలికి పోతుంది, అక్కడే రూపం మారి కణాలకు పట్టుకుంటుంది. రైతు భాషలో చెప్పాలంటే, మట్టి మార్చినా లాభం లేదు, ఆకును ఉప్పునీళ్లలో నాలుగుసార్లు కడిగినా లాభం లేదు.

ఘనాలో కొంటొమిరే అని ఒక ఆకుకూర ఉంది. మన చేమాకు కుటుంబమే, కోకో చెట్ల నీడన పెరుగుతుంది. మనకు గోంగూర ఎలాగో వాళ్లకు అదలాగ. కోకో తోటలున్న ఆ నేలల్లోనే ఇప్పుడు బంగారం గోతులు. ఆ దేశపు పర్యావరణ సంస్థ, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి చేసిన పరీక్షల్లో కొనొంగో జొంగో అనే చోట మట్టిలో పాదరసం సగటున పరిమితికి ఐదు రెట్లు దాటిందని 2025లో ప్రకటించాయి.

ఇక్కడ ఒక మాట. ఆకుల్లో చేరేది ఎక్కువగా అకర్బన పాదరసం, అంటే కార్బన్‌తో కలవని రూపం. తిన్నదాంట్లో కొద్ది భాగమే పేగుల నుంచి ఒంట్లోకి ఎక్కుతుంది. ఆకుకూర తింటే మినమాటా జబ్బు వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో పెడితే నమ్మొద్దు. కానీ ఆ ఊళ్లలో అది రోజువారీ కూర, పైగా ముక్కుతో పీల్చేది ఎలాగూ ఉంది. రెండూ కలిపి చూడాలి.

వరి సంగతి వేరు, అది నాకు ఇంకా టెన్షన్. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడని బురద ఉంటుంది. ఆ బురదలోని సూక్ష్మజీవులు అకర్బన పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. మినమాటాలో మనుషుల్ని పడగొట్టింది ఈ రూపమే. ఇది గింజలోకి ఎక్కుతుంది, తిన్నది దాదాపు అంతా ఒంటికి పడుతుంది. చైనాలోని గ్వీజౌ రాష్ట్రంలో జనానికి మిథైల్ పాదరసం ముఖ్యంగా అన్నం నుంచే అందుతోందని, చేపల నుంచి కాదని 2010లోనే తేల్చారు. అక్కడివి పాదరసం గనులనుకోండి, బురద చేసే పని మాత్రం అదే. ఇండోనేషియాలో లాంబాక్ లాంటి చోట్ల బంగారం గనులూ వరిమళ్లూ పక్కపక్కనే ఉన్నాయి.

మరి ఆపలేరా అంటారు. ఘనా 2017లో చిన్న గనులన్నిటినీ నిషేధించి సైన్యాన్ని దింపింది. 2018 చివరికి నిషేధం ఎత్తేసింది, తవ్వకం ఆగలేదు. గోతిలో దిగేవాడు చాలాచోట్ల రైతే, లేదా రైతు కొడుకే. పది గ్రాములు లక్ష దాటిన రోజుల్లో వాణ్ణి కోకో తోటలోకి తిరిగి పొమ్మంటే పోతాడా?

చేయగలిగింది మంట దగ్గరే ఉంది. రిటార్ట్ అనే మూత పాత్ర వాడితే ఆవిరి గొట్టంలోంచి పోయి, చల్లబడి, పాదరసంగా తిరిగొస్తుంది. సారా బట్టీ సూత్రమే, కొత్తదేం కాదు. అయినా వాడరు. ఆలస్యమవుతుంది, పైగా మూత లోపల బంగారం కనిపించదు, పక్కవాడు కాజేస్తాడేమోనని అనుమానం. ఆ అనుమానాన్ని తీసిపారేయకండి, వాడి కష్టమంతా అందులో ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లోని బెంగెట్‌లో పాదరసం లేకుండా బొరాక్స్‌తో కరిగిస్తారు. మీ వెలిగారమే అది.

పాదరసాన్ని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న, 2017లో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందంలో ఘనా ఉంది, 2018 నుంచి మనమూ ఉన్నాం. బహిరంగంగా ముద్ద కాల్చడం మానిపించాలంది, ఇళ్ల మధ్య కాల్చడాన్ని విడిగా పేర్కొంది. చేల పక్కన కాల్చడాన్ని కూడా అలాగే విడిగా రాసి ఉండాల్సిందని నా వాదన.

మీకు సంబంధం లేదనుకోవద్దు. 2022లో ఆఫ్రికా నుంచి కనీసం 435 టన్నుల బంగారం దొంగదారిన బయటికి పోయిందని స్విట్జర్లాండ్‌కు చెందిన స్విస్‌ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ లెక్కగట్టింది. ఎక్కువ భాగం చేరింది ఎమిరేట్స్‌కు. మన గల్ఫ్ పిల్లలు తెచ్చే గొలుసు దుబాయ్‌దే కదా. ఒకసారి కరిగాక ఏ గోతిదో ఎవరూ చెప్పలేరు.

ఇంకా దగ్గరికి వస్తాను. బంగారం పని జరిగే ఊళ్లలో కొట్ల ముందు దుమ్మూ మురుగుమట్టీ ఊడ్చుకుపోయి, కడిగి, పాదరసంతో రవ్వలు పట్టే పేదవాళ్లు ఉంటారు. మీకు తెలిసినవాళ్లు ఇప్పటికీ అలా చేస్తుంటే, ఆ ముద్ద కాల్చేది ఎక్కడో అడగండి. మిద్దె మీదా, వంటింట్లోనా, పక్కనే తోటకూర మడి ఉందా? ఒక రిటార్ట్ ఖరీదు మీ కొట్లో ఒకరోజు తరుగంత ఉండదు. వర్తకులు నలుగురు కలిసి వాళ్లకు కొనిస్తే, ఎలా వాడాలో నేనొచ్చి చూపిస్తాను.

ఇక మీరు అడగండి.