ఈకలు ఉబ్బించుకుని కూర్చున్న పిట్ట

శ్రోతలకు నమస్కారం.

గింజలు తినే చిన్న ఫించ్ పిట్టల్ని పంజరంలో పెంచేవాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, పొద్దున లేచి చూస్తే చచ్చిపడి ఉంది" అని. నిజానికి ఆ పిట్ట నిన్న కూడా బాగా లేదు. బాగున్నట్టు కనిపించింది, అంతే. ఆరుబయట బతికే చిన్న పిట్ట కాస్త నీరసంగా కనిపించిందంటే గద్ద కన్ను ముందు దాని మీదే పడుతుంది. అందుకే జబ్బు దాచుకోవడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. తరతరాలుగా పంజరంలోనే పుట్టి పెరిగిన పిట్టకి కూడా ఆ గుణం పోలేదు. కాబట్టి ఫలానా పిట్టకి ఒంట్లో బాగాలేదని మనకు స్పష్టంగా తెలిసే వేళకి, దాచుకునే ఓపిక కూడా దానికి అయిపోయి ఉంటుంది.

పైగా ఒంటిని చూస్తే ఇంతే. ఎక్కువమంది పెంచే జీబ్రా ఫించ్ బరువు 12 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఒంటి వేడి మాత్రం 41, 42 డిగ్రీల సెల్సియస్. అంత చిన్న ఒంట్లో అంత వేడి నిలవాలంటే పగలంతా ఏదో ఒకటి తింటూనే ఉండాలి. ఒక్కరోజు తిండి మానేసినా ప్రాణం మీదికి వస్తుంది. రేపు చూద్దాంలే అనుకునే వెసులుబాటు ఇక్కడ లేదు.

మరి ముందే పసిగట్టడం ఎలా? దూరం నుంచి చూడాలి. మనం పంజరం దగ్గరికి వెళ్తే చాలు, జబ్బు పిట్ట కూడా ఈకలు సర్దుకుని చలాకీగా ఉన్నట్టు నటిస్తుంది. గదిలో ఓ మూల కదలకుండా కూర్చుని, పొద్దునో ఐదు నిమిషాలు, సాయంత్రమో ఐదు నిమిషాలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఫించ్ ఒకచోట నిలవదు. నిద్రపోతే మామూలుగా ఒంటికాలి మీద నిద్రపోతుంది. ఒంట్లో బాగాలేనిది దూది ఉండలా ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి, రెండు కాళ్ళతో పుల్లని పట్టుకుని పట్టపగలే కునుకు తీస్తుంది. స్నానం చేశాక, చలిగా ఉన్న పొద్దుటిపూట, మధ్యాహ్నం కాసేపు ప్రతి పిట్టా అలా ఉబ్బుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. గంట గడిచినా అలాగే ఉందా, తోటివి ఎగురుతున్నా కదలడం లేదా, అది చూసుకోవాలి. పైన పుల్లలన్నీ వదిలేసి పంజరం అడుగున కూర్చుంటే మాత్రం ఇక ఆగకూడదు.

తిండి విషయంలో పిట్ట మనల్ని బాగా మోసం చేస్తుంది. జబ్బు పిట్ట చాలాసార్లు గింజల గిన్నెలోనే కూర్చుంటుంది. ముక్కుతో గింజని అటూ ఇటూ దొర్లిస్తుంది, మింగదు. మనం చూసి "శుభ్రంగా తింటోంది" అనుకుంటాం. ఫించ్ గింజని పొట్టు వలిచే తింటుంది కాబట్టి కొత్త పొట్టు పడుతోందా లేదా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది. గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఊది చూస్తే పైనంతా ఉత్త పొట్టే. గిన్నె ముందు కూర్చుని ఆకలితో చచ్చిపోయిన పిట్టలు కొత్తగా పెంచేవాళ్ళ ఇళ్ళలో కొత్తేమీ కాదు.

పంజరం అడుగున తెల్ల కాగితం వేసి రోజూ మార్చండి. రెట్టలో మూడు భాగాలుంటాయి. ముదురు రంగు మలం, తెల్లటి సున్నంలాంటి భాగం, చుట్టూ కొద్దిగా నీరు. తెల్లగా ఉండాల్సింది పచ్చగా మారితే కాలేయాన్ని అనుమానించాలి. గింజలు అరగకుండా అలాగే పడుతున్నా, నెత్తురు కనిపించినా, రెట్టే తగ్గిపోయినా ఏదో తేడా ఉందన్నమాటే. కీరదోస తిన్నప్పుడు, భయపడినప్పుడు నీళ్ళ రెట్ట వేస్తుంది, అది కాసేపటికి సర్దుకుంటుంది. వీలైతే గ్రాముల్లో తూచే చిన్న కాటా ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒక గ్రాము తగ్గడమంటే మనకు లెక్కలోకి రాదు, 12 గ్రాముల పిట్టకి అది ఒంట్లో పన్నెండో వంతు.

ఇక ఊపిరి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ప్రతి ఊపిరికీ తోక పైకీ కిందికీ ఊగుతోందంటే అది కష్టపడి గాలి పీలుస్తోందని అర్థం. నోరు తెరిచి పీల్చడం ఇంకా ముదిరిన దశ. గౌల్డియన్ ఫించ్‌లకీ, కెనరీలకీ ఎక్కువగా వచ్చే జబ్బు ఒకటుంది. మైట్స్ అనే అతిచిన్న నల్లులు శ్వాసనాళంలో, గాలితిత్తుల్లో చేరతాయి. మొదట మగపిట్ట పాట తగ్గుతుంది, గొంతు మారుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక పంజరం దగ్గర చెవి పెడితే టిక్ టిక్ మని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. దీనికి మంచి మందులున్నాయి. కానీ ఈ ఒంటికి మోతాదు చుక్కలో వంతు, అది డాక్టరే లెక్కకట్టాలి.

సరే, జబ్బని తేలింది. చాలామంది ముందు మందు కోసం పరుగెడతారు. నా దృష్టిలో ముందు ఇవ్వాల్సింది వేడి. జబ్బు పిట్ట ఒంట్లో ఉన్న కాస్త శక్తీ వేడి నిలబెట్టుకోవడానికే ఖర్చవుతుంది. ఆ పని మనం చేసిపెడితే అది తినడానికీ, జబ్బుతో పోరాడటానికీ ఓపిక మిగులుతుంది. చిన్న పంజరంలోకి మార్చి మూడువైపులా గుడ్డ కప్పండి. ఒక పక్కన మాత్రం వేడి పెట్టండి, రెండో పక్క మామూలుగా ఉండాలి. ఎక్కడ ఉండాలో పిట్టే చూసుకుంటుంది. వేడి పక్కన 29 నుంచి 32 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. అంచనాతో వద్దు, థర్మామీటర్ పెట్టండి. రాత్రంతా బల్బు వెలిగితే పిట్టకి నిద్ర ఉండదు. వెలుతురు ఇవ్వని హీటర్ మేలు. అది లేకపోతే వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పంజరానికి ఆనించి, చల్లారినప్పుడల్లా మార్చండి. పిట్ట రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని గుర్తు.

పుల్లలు కిందికి దించి, గింజలూ నీళ్ళూ అది నడిచి వెళ్ళే దూరంలో లోతు లేని మూతల్లో పెట్టండి. గ్రిట్, అంటే గింజలు అరగడానికని పెట్టే సన్నటి రాళ్ళపొడి, ఉంటే తీసేయండి, జబ్బులో కొన్ని అదేపనిగా అదే తింటాయి. ఫించ్ ఒంటరిగా ఉండలేదు, జత గొంతు వినపడకపోతే దిగులుపడుతుంది. అంటుజబ్బు అనుమానం ఉంటే తప్ప, జత కనిపించేలా పంజరాలు పక్కపక్కనే పెట్టొచ్చు. పట్టుకోవాల్సి వస్తే దీపం ఆర్పి, మెత్తగా పట్టుకోండి. పక్షికి మనలా ఉదరవితానం, అంటే రొమ్ముకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరికి సాయపడే కండరం, లేదు, రొమ్ము ఎముక కదిలితేనే ఊపిరి. రొమ్ము మీద వేళ్ళు గట్టిగా బిగిస్తే ఊపిరాడక పోతుంది.

ముక్కు తెరిచి నీళ్ళు పోయకండి, అవి శ్వాసనాళంలోకి వెళ్తాయి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర నూరి పెట్టడమూ వద్దు. తాగే నీళ్ళలో యాంటిబయోటిక్ కలపడం చాలామందికి అలవాటు. జబ్బు పిట్ట నీళ్ళే సరిగ్గా తాగదు, ఇక మందు ఎంత లోపలికి వెళ్ళిందని చెప్పగలం? పైగా జబ్బు ఏదో తెలియదు. గింజలు అరగకుండా పడుతూ, తింటూనే చిక్కిపోయే ఒక జబ్బుని చాలాకాలం మెగాబాక్టీరియా అని పిలిచారు. దానికి కారణం బాక్టీరియా కాదనీ, బూజు జాతికి చెందిన ఒకరకం ఈస్ట్ అనీ 2003లో తేల్చారు. ఈస్ట్ మీద మామూలు యాంటిబయోటిక్ పనిచేయదు. బయటికి చూస్తే ఈస్టూ, పేగుల్లో చేరే కాక్సిడియా క్రిములూ, ఇంకేదో ఇన్ఫెక్షనూ అన్నీ ఒకేలా ఉబ్బిన పిట్టగానే కనిపిస్తాయి. మైక్రోస్కోప్ కింద రెట్ట చూస్తేనే తేడా తెలుస్తుంది. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పంజరం కడగకుండా, ఆరోజు కాగితంతో సహా తీసుకెళ్ళండి. పక్షుల్ని చూసే అనుభవం ఉన్న డాక్టరు ఎక్కడున్నారో పిట్ట బాగున్నప్పుడే తెలుసుకుని పెట్టుకోవాలి.

రెండు సందర్భాల్లో మాత్రం సాయంత్రం దాకా కూడా ఆగలేం. ఆడపిట్ట అడుగున ఉబ్బి కూర్చుని ముక్కుతూ, వెనకభాగం వాచి ఉంటే గుడ్డు ఇరుక్కుపోయిందని అనుమానించాలి. వేడీ, తడిగాలీ ఇస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పొట్ట నొక్కి గుడ్డు తీయబోతే లోపల పగులుతుంది. కాల్షియం తక్కువైన పిట్టలకీ, విరామం లేకుండా గుడ్లు పెట్టించిన పిట్టలకీ ఇది ఎక్కువ. రెండోది రక్తం కారడం. ఈ పిట్ట ఒంట్లో ఉన్న నెత్తురే ఒక మిల్లీలీటరు చిల్లర. మన కంటికి నాలుగు చుక్కలే అయినా దానికి అది పెద్ద నష్టం. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి ఆపాలి.

కొన్నిసార్లు జబ్బంటూ ఏదీ ఉండదు, గాలే విషమవుతుంది. బొగ్గు గనుల్లో విషవాయువు కనిపెట్టడానికి కెనరీలను తీసుకెళ్ళేవారని వినే ఉంటారు. కెనరీ కూడా ఫించ్ జాతిదే. బ్రిటన్ గనుల్లో ఆ పద్ధతి 1986 దాకా సాగింది. పక్షి ఊపిరితిత్తులు గాలిని మనకన్నా బాగా పీల్చుకుంటాయి, విషం ఉంటే విషాన్నీ అంతే. నాన్‌స్టిక్ పాన్ ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకు తెలిసేలోపే పిట్టల్ని చంపేయగలదు. పంజరం వంటగదిలో వద్దు. దోమల స్ప్రే, అగరొత్తులు ఆ గదిలో వాడకండి.

కొత్త పిట్టని తెచ్చినప్పుడు కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచి, పాతవాటి పని అయ్యాకే దాని పని చూడండి, చేతులు కడుక్కోండి. ముచ్చటపడి తెచ్చినరోజే పాతవాటి పంజరంలో వదిలేసిన పిట్ట వల్ల ఉన్నవన్నీ పోయిన ఇళ్ళున్నాయి.

ఎంత చేసినా ఒకటి పోవచ్చు. అప్పుడు ఇంట్లో ఇంకా పిట్టలుంటే, పోయినదాన్ని కవర్లో చుట్టి చల్లగా ఉంచి, వీలైనంత త్వరగా డాక్టరు దగ్గరికి పంపి పరీక్ష చేయించండి. ఫ్రీజర్లో పెడితే గడ్డకట్టి కణజాలం పాడవుతుంది, పరీక్షకి పనికిరాదు. కారణం తెలిస్తే మిగతావాటికి మందు మొదలుపెట్టొచ్చు. మిగిలిన జతకి వెంటనే కొత్త తోడు తేవద్దు, కొన్ని వారాలు దాని రెట్టా, బరువూ చూస్తూ ఆగండి. అదీ అదే జబ్బుని దాచుకుని ఉండొచ్చు. నమస్కారం.